ల్యాప్‌టాప్‌లో సన్నని కూత: బోర్డు మార్చే ముందు చేయవలసిన పరీక్షలు

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో విద్యార్థులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



చదువు విలువ గురించి చెప్పడానికి నాకంటే పెద్దలు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శి గారు నాకు అప్పగించింది వేరే విషయం. విషయం చిన్నదే గాని దాని మూలంగా మన విద్యార్థుల ఇళ్లలో డబ్బు పోతున్నది, పిల్లలు మాటలు పడుతున్నారు. ల్యాప్‌టాప్ ఊరికే తెరిచి పెట్టి ఉన్నప్పుడు లోపలి నుంచి "కీ..." అని సన్నగా ఒక కూత వస్తుంది. దోమ చెవి దగ్గర పాడినట్టుంటుంది. ఫ్యాను చప్పుడు కాదు, స్పీకరు చప్పుడు కాదు. ఆ కూత ఏమిటి, ఎందుకు వస్తుంది, దానికి డబ్బు పెట్టాలా వద్దా అన్నదే ఈ పూట నా ప్రసంగం.

నేను బి.కాం. చదివి బ్యాంకులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. ఇంజనీరును కాను. అయితే 1980ల చివర బ్యాంకు శాఖల్లోకి లెడ్జర్ పోస్టింగ్ యంత్రాలు వచ్చినప్పటి నుంచీ యంత్రాలతోనే కాపురం చేశాను. మాది తాలూకా శాఖ. యంత్రం మొరాయిస్తే ఇంజనీరు రావడానికి రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ కౌంటరు ముందున్న జనానికి సమాధానం చెప్పుకోవలసింది మేమే. ఆ అవసరమే నాకు ఈ విద్య నేర్పింది.

కామర్సు విద్యార్థులకు ఒక మాట. సాయంత్రం లెక్క ట్యాలీ కాకపోతే పాత గుమాస్తాలు లెడ్జర్లన్నీ మొదటి నుంచీ తిరగేసేవారు కాదు. ముందు తేడా ఎంతో చూసేవారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూసేవారు. 54కు బదులు 45 రాస్తే తేడా 9 కదా! తేడాలో సగం మొత్తం ఎక్కడైనా కనబడితే జమలో రాయవలసింది ఖర్చులో రాశారేమో చూసేవారు. తేడా తన జాడ తానే చెబుతుంది. ల్యాప్‌టాప్ చప్పుడు కూడా అంతే. అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో కనిపెడితే సగం పని అయిపోయినట్టే.

పోయిన ఏడాది మన ట్రస్టు సాయంతో ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి ఇంట్లో ఇదే జరిగింది. వాళ్ల నాయన హోసూరు దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. 21,000 రూపాయలు పెట్టి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నారు. రాత్రి పూట పాఠం తెరిచి చదువుకుంటుంటే కూత. ఆ అమ్మాయికి తలనొప్పి. నాయన చెవి పెట్టి విని, "నాకేమీ వినబడ్డం లేదే, చదవకుండా ఉండడానికి ఇదొక సాకు" అన్నాడు. తల్లికి ఒకసారి వినబడింది, ఒకసారి వినబడలేదు. రిపేరు షాపుకు తీసుకెళితే మదర్‌బోర్డులో కరెంటు భాగం పాడవుతున్నదనీ, బోర్డు మార్చాలనీ, 13,500 అవుతుందనీ చెప్పారు. ఆ తల్లి పాసుబుక్కు పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "అన్నా, స్కాలర్‌షిప్ రెండో విడత పడితే దీనికే కట్టేస్తాము, సరేనా?" అని అడిగింది. నాలుగు రోజులు ఆగమ్మా అన్నాను.

ముందు ఆ కూత ఎక్కడ పుడుతుందో చెబుతాను. బ్యాంకు కౌంటరు గుర్తు తెచ్చుకోండి. ప్రాసెసర్ అంటే కౌంటరులో కూర్చున్న గుమాస్తా. ఖాతాదారు ఉన్నంతసేపూ పని చేస్తాడు. ఖాతాదారు లేకపోతే? కలం కింద పెడతాడు. ఇంకాసేపు ఎవరూ రాకపోతే కళ్లద్దాలు తీస్తాడు. ఇంకా రాకపోతే లెడ్జరు మూసి, దీపం ఆర్పి, వెనక్కు వాలి కునుకు తీస్తాడు. ప్రాసెసర్‌కూ ఇలాంటి మెట్లున్నాయి. వాటిని సీ-స్టేట్లు అంటారు. సీ-0 అంటే పనిలో ఉండడం. సీ-1 అంటే కలం కింద పెట్టడం. సీ-2, సీ-3, అలా అంకె పెరిగేకొద్దీ నిద్ర ముదురుతుంది, కరెంటు తగ్గుతుంది. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కంపెనీలు కలిసి 1996లో ఏసీపీఐ అనే ప్రమాణం తెచ్చాయి. ఈ మెట్ల పేర్లు అందులోవే. ఇప్పటి ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో సీ-10 దాకా ఉన్నాయి. ల్యాప్‌టాప్ బ్యాటరీ గంటల తరబడి వస్తున్నదంటే ఈ కునుకుల పుణ్యం చాలా ఉంది. మనం ఒక అక్షరం కొట్టి ఇంకో అక్షరం కొట్టేలోపల అది ఎన్నోసార్లు నిద్రపోయి లేస్తుంది.

మరి చప్పుడెక్కడిది? ఆ గుమాస్తా కూర్చున్నది పాత బెంచీ అనుకోండి. లేస్తే కిర్రు, కూర్చుంటే కిర్రు. రోజుకు పదిసార్లు లేస్తే ఎవరూ పట్టించుకోరు. అదే గంట కొట్టే బంట్రోతు సెకనుకు 1000 సార్లు గంట కొడుతూ, ప్రతి గంటకూ గుమాస్తాను లేపి కూర్చోబెడుతుంటే? ఆ కిర్రులన్నీ కలిసి ఒకటే కూత అవుతుంది. సెకనుకు 1000 సార్లు అంటే మన చెవికి బాగా తెలిసే స్థాయి. మనిషి చెవి వినగలిగేది సుమారు 20 నుంచి 20,000 వరకు. అంటే చప్పుడు చేసేది గుమాస్తా కాదు, బెంచీ. చప్పుడు పుట్టేది ప్రాసెసర్‌లో కాదు, దానికి కరెంటు అందించే భాగాల్లో.

ఆ బెంచీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే "కరెంటు భాగం పాడవుతున్నది" అన్న మాటకు జవాబు ఇందులోనే ఉంది. ఛార్జరు నుంచి బోర్డుకు వచ్చేది చాలా ల్యాప్‌టాప్‌లలో సుమారు 19, 20 వోల్టులు. ప్రాసెసర్‌కు కావలసింది ఒక వోల్టు అటూ ఇటూ. దించి ఇచ్చే పనికి ప్రాసెసర్ పక్కనే చిన్న చిన్న కాయిళ్లు, బియ్యపు గింజకన్నా చిన్నవైన సిరామిక్ కెపాసిటర్లు వరుసగా ఉంటాయి. ప్రాసెసర్ లేచిన ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, పడుకుంటే పడిపోతుంది.

కాయిల్‌లో కరెంటు మారితే అయస్కాంత శక్తి మారుతుంది. దాని మూలంగా లోపలి పదార్థం కంటికి కనబడనంత సాగి ముడుచుకుంటుంది. మన వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ "హుమ్" అనడం విన్నారు కదా, అదీ ఇలాంటిదే. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. ఒక్కొక్క ఆవృత్తంలో రెండుసార్లు సాగుతుంది కాబట్టి ఆ హుంకారం 100 దగ్గర ఉంటుంది. అందుకే అది బొంగురుగా వినబడుతుంది, ల్యాప్‌టాప్‌ది సన్నగా వినబడుతుంది. సిరామిక్ కెపాసిటర్ల సంగతి ఇంకో రకం. వాటిలో ఎక్కువగా వాడేది బేరియం టైటనేట్ అనే పదార్థం. దానికి వోల్టేజి మారితే ఆకారం రవ్వంత మారుతుంది. ఒత్తిడి పెడితే కరెంటు పుట్టించే పదార్థాలున్నాయని 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు కనిపెట్టారు. అమ్మలు వంటింట్లో నొక్కే గ్యాస్ లైటరులో నిప్పురవ్వ అలా పుట్టేదే. కరెంటు ఇస్తే అదే పదార్థం కదులుతుంది. చేతి గడియారం అలారం కూత అలాంటి బిళ్లదే. కెపాసిటర్ ఆవగింజంత కదిలినా అది అతుక్కున్న బోర్డంతా దానితో కదులుతుంది. తీగ ఒక్కటే అయితే ఎంత మోగుతుంది? వీణ కుండ ఉంది కనుక సభంతా వినబడుతుంది. బోర్డు ఆ కుండ పని చేస్తుంది.

కాబట్టి కూత వస్తున్నదంటే కాయిల్ చచ్చిపోతున్నదని అర్థం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ ఏళ్ల తరబడి హుంకరిస్తూనే పని చేస్తుంది. కొత్త బోర్డు వేయించినా అదే నమూనా బోర్డు కనుక అదీ కూయవచ్చు. 13,500 ఇచ్చి మళ్లీ అదే పాట వినవలసి రావచ్చు. అలాగని ఏ షాపువాడూ దొంగ అని నేననడం లేదు. బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, ముంబయి లామింగ్టన్ రోడ్డులో చేయి తిరిగిన పనివారున్నారు. అయితే చప్పుడు వస్తున్నదని మనం వెళితే, చప్పుడు వచ్చే భాగం మార్చడమే వారికి కనబడే దారి.

ఇది కొత్త జబ్బేమీ కాదు. 2006లో ఇంటెల్ కోర్ డ్యుయో ప్రాసెసర్లతో ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పుడు దేశదేశాల వాళ్లు ఈ కూత గురించి మొత్తుకున్నారు. ఆపిల్ వారి మాక్‌బుక్ ప్రో కొన్నవాళ్లు ఒక తమాషా కనిపెట్టారు. కెమెరా ప్రోగ్రాము తెరిస్తే కూత ఆగిపోయేది! లోపలి కెమెరా యు.ఎస్.బి. దారిలో కలిసి ఉంటుంది. అది పని చేస్తున్నంతసేపూ ప్రాసెసర్‌ను లోతైన నిద్రలోకి పోనివ్వదు. నిద్ర లేదు, లేవడం లేదు, కిర్రు లేదు. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి యు.ఎస్.బి. మౌసు తగిలించినా కూత మారేది. ఇప్పటి యంత్రాలలో యు.ఎస్.బి. వ్యవస్థ మెరుగుపడింది కనుక మౌసు ఉపాయం అన్నిటిలో పనిచేయదు. పాత యంత్రం వాడుతున్నవారు ప్రయత్నించి చూడవచ్చు, ఖర్చు లేదు కదా.

గంట కొట్టే బంట్రోతు ఎవరంటే, కంప్యూటరు నడిపించే సాఫ్ట్‌వేర్‌లోని గడియారం. లినక్స్‌లో 2003లో వచ్చిన 2.6 రకంలో మామూలు కంప్యూటర్లకు ఇది సెకనుకు 1000 కొట్టేది. తర్వాత తగ్గించారు. 2007లో పని లేనప్పుడు గంటే కొట్టకుండా ఉండే ఏర్పాటు చేశారు. విండోస్‌లో మామూలుగా సెకనుకు 64. అయితే పాటలు, వీడియోలు, ఆటల ప్రోగ్రాములు నాకు వెయ్యి కావాలని అడిగి పుచ్చుకోవచ్చు. ఒక ప్రోగ్రాము అడిగితే పాత విండోస్‌లో యంత్రమంతటికీ వెయ్యి అయ్యేది. 2020లో విండోస్ 10లో ఆ పద్ధతిని కొంత సవరించారు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నిన్న లేని కూత ఈ రోజు మొదలైతే, నిన్న రాత్రి ఏ ప్రోగ్రాము ఎక్కించారో పిల్లలు గుర్తు తెచ్చుకోవాలి. ఆ ఒక్కటి మూసి చూడాలి. కొన్నిసార్లు జబ్బంతా అక్కడే ఉంటుంది.

ఇక పరీక్షలు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక చేయండి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి. రెండు కలిపి మార్చితే ఏది పనిచేసిందో తెలియదు.

ముందు ల్యాప్‌టాప్ స్పీకరు శబ్దం పూర్తిగా తగ్గించండి. కూత పోతే అది స్పీకరు సంగతి, మన విషయం కాదు. హెడ్‌ఫోన్‌లో మాత్రమే గుంయ్‌మంటే ఛార్జరు తీసి చూడండి. తీయగానే పోతే ఎర్తు సంగతి అయి ఉండవచ్చు. ప్లగ్గు పాయింటుకు ఎర్తు సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. స్పీకరు తగ్గించినా కూత ఉంటే ఒక నోటుపుస్తకం కాగితం గొట్టంలా చుట్టి, ఒక చివర చెవికి, ఇంకో చివర కీబోర్డు మీద మెల్లగా జరుపుతూ వినండి. డాక్టరు స్టెతస్కోపు లాంటిదే. ఎక్కడ గట్టిగా వినబడుతుందో అక్కడ కాగితం ముక్క అంటించి గుర్తు పెట్టండి.

తర్వాత అసలు పరీక్ష. యంత్రానికి గట్టి పని ఇవ్వండి. పెద్ద ఫోల్డరు ఒకటి జిప్ చేయమనండి, లేదా వీడియో ఒకటి మాట రాకుండా నడిపించండి. ఊరికే ఉన్నప్పుడు కూసి, పని ఇవ్వగానే ఆగి, పని అయిపోగానే మళ్లీ మొదలైతే అది నిద్రా మెలకువల కూతే అని నూటికి తొంభై పాళ్లు అనుకోవచ్చు. దీనికి తిరగబడి, పని ఎక్కువైనప్పుడే, ముఖ్యంగా ఆటలు ఆడేటప్పుడే కూత వస్తే, అదీ కాయిల్ కూతే కావచ్చు గాని ఎక్కువ కరెంటు వల్ల వచ్చేది. దానికి నేను చెప్పబోయే చికిత్స పని చేయదు. ఆటలు తగ్గించడమే దాని చికిత్స. (తల్లిదండ్రులు చప్పట్లు కొట్టవలసిన చోటు ఇదే.)

ఛార్జరు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి వినండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు యంత్రం ఎక్కువ పొదుపు చేస్తుంది కనుక కొన్నిటిలో అప్పుడే కూత ఎక్కువ. కూత ఛార్జరు పెట్టెలోనుంచే వస్తుంటే అదీ చాలాసార్లు హానిలేనిదే. అయితే చిటపట, మాడిన వాసన, చేయి పెట్టలేనంత వేడి, వీటిలో ఏది ఉన్నా ఆ క్షణమే ప్లగ్గు తీసేయాలి.

నాయనకు వినబడకపోవడం గురించి కూడా చెప్పాలి. వయసు పెరిగేకొద్దీ చెవికి ముందుగా దూరమయ్యేవి సన్నని శబ్దాలే. ఫ్యాక్టరీ చప్పుళ్ల మధ్య ఏళ్లపాటు పని చేసినవారికి ఇంకా ముందే దూరం కావచ్చు. అమ్మాయి వింటున్నది, నాయన వినడం లేదు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. దీనికి ఫోనులోనే సాక్ష్యం దొరుకుతుంది. శబ్దాన్ని గీతలుగా చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఆప్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఫోను కీబోర్డు పక్కన పెడితే కూత ఉన్నచోట గీత నిటారుగా లేస్తుంది. ఆ ఇంట్లో అలాగే పెట్టాము. వెయ్యి దగ్గర ఒక గీత, దాని రెట్టింపు దగ్గర ఇంకొకటి లేచాయి. అమ్మాయి వీడియో పెట్టగానే రెండూ పడిపోయాయి. నాయన ఏమీ అనలేదు. ఫోను తన చేతిలోకి తీసుకుని, తనే వీడియో ఆపి, మళ్లీ పెట్టి, మూడుసార్లు చూసుకున్నాడు. ఆ తర్వాత సాకు అన్న మాట ఆ ఇంట్లో వినబడలేదు.

చికిత్సకు వద్దాం. గుమాస్తాను పడుకోనివ్వకపోతే బెంచీ కిర్రుమనదు. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఎఫ్2 గాని, డిలీట్ గాని, కంపెనీని బట్టి ఇంకేదైనా గాని నొక్కితే బయోస్ అనే నీలి, నలుపు తెర వస్తుంది. కొన్ని యంత్రాల్లో అక్కడ "సీ-స్టేట్స్" అని ఒక వరుస ఉంటుంది. దాన్ని ఆపితే ప్రాసెసర్ పై మెట్టులోనే ఉంటుంది. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ వరుసే ఉండదు. లినక్స్ వాడే విద్యార్థులు బూట్ వరుసలో సీ-స్టేట్ హద్దును 1కి కుదించవచ్చు. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ కనీస స్థాయిని పెంచడం ఇంకొకటి. అది నిద్రను ఆపదు, వేగాన్ని మాత్రమే పెంచుతుంది. కొన్ని యంత్రాల్లో కూత స్వరం మారుతుంది, కొన్నింటిలో ఏమీ కాదు.

బయోస్‌లో చేయి పెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ఉన్నది ఉన్నట్టు ఫోనుతో ఫొటో తీసుకోండి. రెండోది ఇంకా ముఖ్యం. ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో బిట్‌లాకర్ అనే తాళం దానంతటదే పడి ఉంటుంది. బయోస్ మార్చితే అది అనుమానపడి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసి పెట్టుకోకపోతే కూత పోయింది గాని ఫైళ్లూ పోయాయన్నట్టు అవుతుంది. సెకండ్ హ్యాండ్ యంత్రమైతే ఆ ఖాతా పాత యజమానిదేమో కూడా చూసుకోవాలి.

ఇక ఈ చికిత్స ఖరీదు. గుమాస్తాను నిలబెడితే కాళ్లు నొప్పి పుడతాయి. నిద్రలేని ప్రాసెసర్ వేడెక్కుతుంది, ఫ్యాను ఊరికే తిరుగుతుంది, బ్యాటరీ త్వరగా దిగుతుంది. లెక్క వేద్దాం. బ్యాటరీ 40 వాట్-అవర్లు, యంత్రం మామూలుగా 8 వాట్లు తీసుకుంటున్నది అనుకోండి. 40ని 8తో భాగిస్తే 5 గంటలు. నిద్ర ఆపినందుకు 5 వాట్లు పెరిగి 13 అయితే 3 గంటల చిల్లర. ఇంటి కరెంటు మీద ఉన్నప్పుడు రోజుకు 8 గంటలు, నెలకు 30 రోజులు వేసుకున్నా అదనం 1.2 యూనిట్లే. అంటే ఇంట్లో ప్లగ్గు పెట్టి వాడేవారికి పెద్ద భారం కాదు. కాలేజీలో బ్యాటరీ మీద వాడేవారికి భారమే. ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి. మీ యంత్రంలో ఎంత తేడా వస్తుందో గడియారం పెట్టి మీరే చూసుకోండి.

ఆ అమ్మాయి యంత్రంలో బయోస్ వరుస ఉంది. ఆపి చూశాము, కూత పోయింది. వారం తిరగకుండా ఆమే ఫోను చేసి, "తాతా, దాన్ని మళ్లీ పెట్టేసుకున్నాను. ల్యాబులో ప్లగ్ పాయింటు దొరకడం లేదు" అంది. కారణం తెలిశాక ఆ చప్పుడు అంత భయపెట్టడం లేదనీ, రాత్రి టేబుల్ ఫ్యాను వేసుకుంటే వినబడదనీ చెప్పింది. రెండో విడత డబ్బు పరీక్ష ఫీజుకు పోయింది. నా ఉద్దేశంలోనూ ఎక్కువమందికి అదే సరైన తీర్పు. చెవికి మరీ బాధగా ఉండి, ఎప్పుడూ ప్లగ్గు మీదే వాడేవారు మాత్రం సీ-స్టేట్లు ఆపుకోవచ్చు. ఎవరో చెప్పారని బోర్డు మీద జిగురు పోయడం, కాయిల్ మీద మైనం రాయడం వంటివి వద్దు. వారంటీ పోతుంది, వేడి పోయే దారి మూసుకుపోతుంది.

ఇంతసేపూ భయం లేదని చెప్పాను గనుక, భయపడవలసిన చప్పుళ్ల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. మనకు తెలిసిన ఒక హాస్టల్‌లో ఆఖరి సంవత్సరం కుర్రాడి ల్యాప్‌టాప్ కొన్ని సెకన్లకొకసారి "టక్... టక్" అనేది. పక్క గది కుర్రాడు అది కాయిల్ చప్పుడేలే, ఏమీ కాదని ధైర్యం చెప్పాడు. మూడు వారాలకు హార్డ్ డిస్క్ తెరుచుకోలేదు. ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉంది. కూత వేరు, టక్‌టక్ వేరు. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న యంత్రంలో టక్‌టక్, గరగర వినబడితే పరీక్షలూ వద్దు, ఆప్‌లూ వద్దు. ఆ గంటలోనే ముఖ్యమైన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకో, వేరే చోటికో ఎక్కించాలి. ఆ తర్వాతే షాపు. ఎస్.ఎస్.డి. ఉన్నవాటిలో తిరిగే భాగం లేదు కనుక ఈ టక్‌టక్ రాదు. అలాగని చెప్పి పాడవకుండా ఉండదు, కాపీ ఎప్పుడూ ఉండాలి. ఫ్యాను గరగరమంటే దుమ్మో, బేరింగో అయి ఉంటుంది. బాగుచేయించవలసిందే గాని బోర్డంత ఖర్చు కాదు. ఏ చప్పుడూ చేయకుండా ప్రమాదం తెచ్చేది ఉబ్బిన బ్యాటరీ. టచ్‌ప్యాడు పైకి లేచినా, మూత సరిగా పడకపోయినా వాడడం ఆపి, ఛార్జరు పెట్టకుండా షాపుకు తీసుకెళ్లండి. నొక్కి సరిచేయాలని చూడవద్దు.

వారంటీలో ఉన్నవారికి ఒక మాట. కూతను ఫోనులో రికార్డు చేసి తీసుకెళ్లండి. సర్వీసు సెంటరు చప్పుళ్ల మధ్య అది వినబడదు. మనవాళ్లలో కొందరు కన్నడం, తమిళం, మరాఠీ, ఒరియా ధారాళంగా మాట్లాడతారు, కొందరికి షాపులో మాట తడబడుతుంది. రికార్డుకు ఏ భాషా అక్కరలేదు. జాబ్ షీటు మీద మీ ఫిర్యాదు రాయించుకోండి. ఇది మామూలే అని వారు పంపించేస్తే ఆ మాట కూడా కాగితం మీద రాసివ్వమనండి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు కూడా బిల్లు అడగండి. కొనేముందు నిశ్శబ్దంగా ఉన్న చోట పది నిమిషాలు ఊరికే తెరిచి పెట్టి, పిల్లలనే వినమనండి. కేవలం కూతకే బోర్డు మార్చాలంటే ఏ భాగం, ఎందుకు, మార్చాక కూత రాదని రాసిస్తారా అని అడగండి. రాసివ్వనంటే తొందరపడి అడ్వాన్సు ఇవ్వకండి. డబ్బు తీసుకుని మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కాగితం ఉన్నవాడి మాటకే అక్కడ బలం.

ఈ ప్రసంగం బులెటిన్‌లో అచ్చవుతుందని కార్యదర్శి గారు చెప్పారు. కాబట్టి బళ్లారి, షోలాపూర్, బరంపురం, యానాంలలో ఉన్న మనవాళ్లు కూడా ఇంట్లోనే ఈ పరీక్షలు చేసుకోవచ్చు. ఇక్కడికి ల్యాప్‌టాప్‌లు తెచ్చినవారి కోసం భోజనాలయ్యాక వెనుక గదిలో గంటసేపు కూర్చుంటాను. ఛార్జరు మరచిపోకండి. పెద్దవాళ్లు ఒక్కరే రాకుండా యంత్రం వాడే పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. నాకూ అరవై దాటాయి, వినడానికి వాళ్ల చెవులే కావాలి.